పెరుగు తోడుపెట్టే ఆంప్లిఫయర్

నా ఉద్యోగం ఏంటని ఎవరైనా అడిగితే మా ఆవిడ "స్పీకర్లు అమ్ముతారండి" అని తేల్చేసేది. నేను పక్కగదిలోంచే "అమ్మను, కుదురుస్తాను" అని సరిదిద్దేవాణ్ణి. ఏ స్పీకరుకి ఏ ఆంప్లిఫయరు కలిస్తే పాట పాటలా వినిపిస్తుందో చెప్పడం నా పని అన్నమాట. పోయినేడు రిటైరయ్యాను. ఈ లైన్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి, "మీరు కుదిర్చినవాటిలో బెస్టు ఏదండీ?" అని అడుగుతుంటారు. బెస్టు గురించి ఎవరైనా చెప్పుకుంటారు. నేను చెడగొట్టినదాని గురించి చెబుతాను, వినండి. మీకు పనికొచ్చేది అదే.

రాజమండ్రిలో మా షాపు రెండంతస్తులు. కింద ఫ్రిజ్జులు, టీవీలు, మిక్సీలు. పైన నా గది. దాన్ని "నా గది" అంటే ఓనరుగారికి ఒళ్లుమండేది గాని, నిజంగా అది నాదే. కోనసీమ నుంచి కొబ్బరిపీచు పరుపులు తెప్పించి గోడలకి కొట్టించాను, వాటిమీద జంపఖానాలు. మధ్యలో ఒకే ఒక్క సోఫా. గడియారం లేదు, ఫోను మోగకూడదు. కాకినాడ నుంచీ భీమవరం నుంచీ జనం వచ్చి, ఆ సోఫాలో కూర్చుని కళ్లు మూసుకుని వినేవాళ్లు. వాళ్లు కళ్లు మూసుకుంటే నేను వాళ్ల పాదాలు చూసేవాణ్ణి. మనవైపు మనుషుల నోటిని నమ్మడానికి లేదు. ఏది వినిపించినా "బాగుందండి" అంటారు. బొటనవేలు కదిలితేనే నిజంగా బాగున్నట్టు.

ఓనరుగారికి మాత్రం ఆ గది కంట్లో నలుసు. ఎండాకాలం వస్తుందంటే చాలు, మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, కళ్లతోనే గది కొలిచేవారు. "ఇక్కడ అటు పది, ఇటు పది ఫ్రిజ్జులు పడతాయి కదండీ" అనేవారు. నేను "పాట పెట్టమంటారా?" అనేవాణ్ణి. ఆయన దిగిపోయేవారు. ఇలా చాలా ఏళ్లు నెట్టుకొచ్చాం.

మూడునాలుగేళ్ల కిందటి సంగతి. జంగారెడ్డిగూడెం అవతల నుంచి ఒక రైతుగారు, ఆయన భార్య మా షాపుకి వచ్చారు. ఆయిల్‌పామ్ తోటలున్న కుటుంబం. ఆయనకి నాదస్వరం అంటే ప్రాణం. హైదరాబాదులో ఎవరింట్లోనో పెద్ద స్పీకర్లు విని, అప్పట్నుంచి నిద్రపట్టడం లేదన్నారు. ఆవిడ అంతగా మాట్లాడలేదు. ఆయన సోఫాలో కూర్చుంటూనే ఒక మాటన్నారు.

"మాకేం తెలీదండి. మీరెలా చెబితే అలాగే."

మీకు చెబుతున్నాను, రాసి పెట్టుకోండి. మన పనిలో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. బేరం ఆడేవాడు మనల్ని నేలమీద ఉంచుతాడు. "మీరెలా చెబితే అలాగే" అన్నవాడు మనల్ని ఆకాశానికెత్తి అక్కడే వదిలేస్తాడు.

ఆయనకి నచ్చిన స్పీకర్లు మనిషంత పొడవున్నవి. చాలా మంచివి, కాని మొండివి. స్పీకర్లలో రెండు రకాలుంటాయి. కొన్ని చిటికెడు కరెంటుకే గొంతెత్తి పాడతాయి. కొన్నింటికి దండిగా తోడిపోస్తేగాని గొంతు పెగలదు. ఇవి రెండో రకం. వీటికి బలమైన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కావాలి. తయారుచేసినవాళ్లే పుస్తకంలో ఆ మాట ఉన్నదున్నట్టు రాశారు. అప్పుడు మా దగ్గర అలాంటిది ఉంది కూడా. నల్లటి డబ్బా, గోధుమల బస్తా అంత బరువు, చూడ్డానికి ఏమీ ఉండదు.

దాని పక్కనే వాల్వు ఆంప్లిఫయర్ ఉంది. పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు బల్బులు, పైకి కనపడేలా నిలబెట్టి ఉంటాయి. స్విచ్చేస్తే మెల్లగా ఎర్రబడతాయి. దాని బలం పద్దెనిమిది వాట్లు, గదిలో లైట్లు తగ్గించి చూస్తే దాని అందం చెప్పలేం. ఆ రోజు నేను లైట్లు తగ్గించాను. వీణ పెట్టాను. ఎవరిదో గొంతు, తోడుగా వీణ, అంతే. చిన్న గది, రెండడుగుల దూరంలో సోఫా, మెత్తటి పాట. ఆ మాత్రానికి పద్దెనిమిది వాట్లు ఎక్కువే. ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ తిరిగాయి. ఆయనవి పాటకి తిరిగాయి, నావి నేను పాట ఎంత బాగా పెట్టానో తలుచుకుని తిరిగాయి.

ఆవిడ ఒక్కటే అడిగారు. "మా హాలు చాలా పెద్దదండి. సరిపోతుందంటారా?"

ఉన్నదల్లా ఆ ఒక్క ప్రశ్నే. దానికి "సరిపోదండి" అని ఒక్క ముక్కలో చెప్పాల్సింది. నేను పావుగంట మాట్లాడాను. వాల్వులో వెచ్చదనం గురించి, వాట్లు లెక్కపెట్టేవాళ్ల అజ్ఞానం గురించి, చెవికీ మనసుకీ ఉన్న దూరం గురించి. పుస్తకాలు రాసేవాళ్లకి చెవులుండవని కూడా అన్నట్టు గుర్తు. ఆవిడ ఓపిగ్గా విని "సరేనండి" అన్నారు. ఆ "సరేనండి"లో ఉన్నది ఒప్పుకోవడం కాదు, మర్యాద. అది నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

బిగించడానికి నేనే వెళ్లాను. కొవ్వూరు దాటి, దేవరపల్లి మీదుగా వాన్లో. హాలు చూడగానే గుండెల్లో రాయి పడింది. పాలరాతి నేల, రెండు నిలువుల ఎత్తు కప్పు, ఒకవైపంతా అద్దాలు. మా షాపులో గదులన్నీ కలిపినా అందులో మూలకి పడుంటాయి. సరే, బిగించి వినిపిద్దాం అనుకుంటుండగా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "ముందు భోజనం చేసేయండి. చల్లారిపోతుంది" అన్నారు.

వినకముందే తినిపించే ఈ తప్పు మనవాళ్లే చేయగలరు. పనసపొట్టు కూర ఆవ పెట్టి, ముద్దపప్పులో నెయ్యి, గుమ్మడికాయ దప్పళం, గుత్తివంకాయ, పెరుగావడలు, ఆపైన పూతరేకులు. వద్దంటే కష్టపెట్టినట్టు, ఇంకొంచెం అంటే సంతోషపెట్టినట్టు. లేచేసరికి మధ్యాహ్నం రెండయింది. వాలుకుర్చీలో పడి పాట పెట్టమన్నాను. ఏం పెట్టారో, ఎలా ఉందో దేవుడికెరుక. ఆ భోజనం తర్వాత చెక్కపెట్టెలో ఈగ పాడినా బాగుంటుంది. ఎవరి పాదాలూ చూడలేదు, నా కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. రైతుగారు "బాగుందండి" అన్నారు. ఆవిడ "బాగుందండి" అన్నారు. నేను కూడా "బాగుందండి" అన్నాను. సంతకాలు అయిపోయాయి.

తర్వాత నెలకోసారి ఫోన్ చేసేవాణ్ణి. ఎప్పుడు చేసినా ఒకటే జవాబు. "బ్రహ్మాండంగా ఉందండి! మా బావగారికి కూడా చెప్పానండి." బావగారంటే ఆయన భార్యకి అన్నగారు, కోనసీమలో కొబ్బరి వ్యాపారం. నేను ఫోన్ పెట్టేసి, పుస్తకం రాసినవాళ్లని తలుచుకుని నవ్వుకునేవాణ్ణి.

ఎనిమిది నెలల తర్వాత, చలికాలం పోతుండగా, ఒక టీవీ పని మీద జంగారెడ్డిగూడెం వెళ్లి, ఇంత దూరం వచ్చాను కదా అని చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. అదీ పొద్దున్న పది గంటలకి, ఖాళీ కడుపుతో. గుమ్మంలోంచే పాట వినపడుతోంది. హాల్లోంచి కాదు, వంటింట్లోంచి. చేతిలో ఇమిడే బ్లూటూత్ డబ్బా, దినుసుల డబ్బాల మధ్య పెట్టుకుని ఆవిడ పని చేసుకుంటున్నారు. హాల్లో నా స్పీకర్లు రెండూ పాత పట్టుచీరలు కప్పుకుని నిలబడి ఉన్నాయి. వాల్వు ఆంప్లిఫయర్ మాత్రం వెలుగుతోంది. పాటేమీ లేదు, ఊరికే వెలుగుతోంది. దాని పైన జాలీ మీద ఒక స్టీలు గిన్నె, మూతతో.

నేను మూత తీశాను. పెరుగు. గట్టిగా, చాకుతో కోసుకునేలా తోడుకుంది.

ఆవిడ వంటింట్లోంచి వచ్చి నన్ను, నా చేతిలో మూతని చూశారు.

"చలికి తోడుకోవట్లేదండి," అన్నారు. "దాని మీద పెడితే మూడు గంటల్లో..."

"పాటలు వినట్లేదాండీ?"

ఆవిడ చేతిలో గరిటె ఇటూ అటూ మార్చుకున్నారు. "డోలు దెబ్బ పడినప్పుడల్లా గొంతు నొక్కేసినట్టుంటోందండి. సన్నాయి పైకెళ్తే బరబరమంటోంది. మొదటి రోజే అనిపించింది."

"మరి చెప్పలేదేంటండీ? ఎన్నిసార్లు ఫోన్ చేశాను!"

"అంత దూరం నుంచి వచ్చి, చెమటలు కక్కుతూ బిగించారు. కడుపునిండా తిని, బాగుందని మీరే అన్నారు. కాదని ఎలా చెబుతామండి?"

తల కొట్టేసినట్టయింది. నా పొరపాటు తెలిసినందుకు కాదు. ఆ పొరపాటు నేను బాధపడకూడదని ఎనిమిది నెలలు చీరలు కప్పి దాచారు, అందుకు. పెరట్లో మోటారు తిరుగుతోంది. ఆవిడ ఆ దిక్కుకి చెవి పెట్టి, పాలేరుని కేకేసి "రెండో బోరు బేరింగు పోతోంది, కట్టేయ్" అన్నారు. ఆ తోటలో మూడు బోర్లున్నాయి. హాల్లో నిలబడి ఏది మూలుగుతోందో చెప్పగల మనిషికి నేను చెవి గురించి పావుగంట పాఠం చెప్పాను.

ఇంతలో రైతుగారు వచ్చారు. నన్ను చూసి, గిన్నెని చూసి, ఆయనకి విషయం అర్థమైపోయింది. అర్థమైనా సంబరంగానే, "వచ్చే ఆదివారం మా బావగారు వస్తున్నారండి, ఇదంతా వినడానికి!" అన్నారు. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఈయన ఎనిమిది నెలలుగా బావగారికి గొప్పలు చెప్పాడు. బావగారు మా ఓనరుగారికి ఫోన్ చేశాడు. "విన్నాక ఇవే స్పీకర్లు, ఇదే ఆంప్లిఫయరు మాకూ పంపండి" అని చెప్పి ఉంచాడు. అంతకుముందు వారమే ఓనరుగారు నన్ను పిలిచి ఖరాఖండీగా చెప్పారు. "ఈ కోనసీమ ఆర్డరు వస్తే గది ఉంటుందండి. రాకపోతే ఎండాకాలానికి ఫ్రిజ్జులు పైకెక్కిస్తాను. మీరు కిందికొచ్చి మిక్సీలు చూసుకోండి."

అంటే ఆదివారం నాడు పాట బాగోకపోతే నా గది పోతుంది. రైతుగారి పరువు కూడా బావగారి ముందు పోతుంది. బాగుంటే, ఇంకో పెద్దమనిషి ఇంట్లో ఇంకో రెండు స్పీకర్లు చీరలు కప్పుకుంటాయి. ఈ మూడోది నేను ఆ రోజు ఆలోచించలేదు. ఆలోచించాననుకోండి, పక్కకి నెట్టేశాను.

పథకం నాదే. మా ఇంట్లో ఇరవై ఏళ్ల కిందటి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ ఒకటి ఉంది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, కాని ఆ డబ్బాకి ఏనుగు బలం. దాన్ని తెచ్చి, హాల్లో టేకు షోకేసు కింది అరలో పెట్టి, తలుపులు మూసేద్దాం. స్పీకరు వైర్లు దానికే కలుపుదాం. పైన వాల్వులు వెలుగుతూ ఉంటాయి, చూడ్డానికి. రైతుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం, ఇద్దరు మగవాళ్లు ఉత్సాహంగా పొరపాటు చేస్తున్నప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఎలా చూస్తారో అలా చూశారు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదికే చేరుకుని వైర్లు కలిపాను. సీడీ ప్లేయరునీ దాచిన ఆంప్లిఫయరునీ ఒకే ప్లగ్గుకి తగిలించాలి. దగ్గర్లో రెండు ప్లగ్గులున్నాయి. నేను ఒకదానిలో పెట్టబోతుంటే ఆవిడ "అది కాదండి, ఇది వాడండి" అని రెండోది చూపించారు. సరేనని అందులోనే పెట్టాను. వాల్వులది మొదటిదాంట్లో పెట్టాను. ఆవిడ ఆ మాట ఎందుకన్నారో అడగాలని కూడా తోచలేదు.

పదకొండుకి బావగారు కారు దిగారు. తెల్ల పంచె, నెమ్మదైన మాట, చేతిలో కొబ్బరి గెల. ఆవిడ "అన్నయ్యా, ముందు భోజనం చెయ్" అంటే, "కాదమ్మా, ముందు పాట" అన్నారు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది, భయం కూడా కలిగింది.

నాదస్వరం పెట్టాను. డోలు మొదటి దెబ్బకే అద్దాలు గొల్లుమన్నాయి. సన్నాయి హాలంతా నిండిపోయింది. అబ్బ, ఆ స్పీకర్లు అలా పలకగలవని నాకే తెలీదు. ఎనిమిది నెలలు నోరు కట్టేసి ఉంచినవాడికి ఒక్కసారి మైకిచ్చినట్టుంది. బావగారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. రైతుగారు నన్ను చూసి కన్నుగీటారు.

"వాల్వులంటే వాల్వులేనండి!" అన్నారు బావగారు, కళ్లు తెరిచి, ఆ ఎర్రటి గాజుల్ని ఆరాధనగా చూస్తూ. "ఆ వెచ్చదనం వేరే వాటికి వస్తుందా? వినపడుతోంది చూడండి!"

"అవునండి" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. పైగా, "చాలామందికి ఆ తేడా తెలీదండి, మీకు తెలిసింది" అని కూడా తగిలించాను.

అప్పుడు ఏసీ ఠప్పున ఆగింది. ఎక్కడో ఇన్వర్టర్ కీచుమంది. కరెంటు పోయింది. వాల్వులు ఎరుపు తగ్గి, నారింజై, బూడిదరంగై, మెల్లగా ఆరిపోయాయి.

పాట ఆగలేదు.

ఆ రెండో ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉందన్నమాట. నాదస్వరం ఇంకా విజృంభించింది. డోలాయన రెచ్చిపోయి వాయిస్తున్నాడు. ఆరిపోయిన ఆంప్లిఫయర్ ముందు మేం ముగ్గురం కూర్చుని ఉన్నాం. ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

ఇంకో ఊళ్లో అయితే ఎవరో ఒకరు "ఇదేంటి?" అని లేచేవారు. తిట్టేవారు, నవ్వేవారు, నా చొక్కా పట్టుకునేవారు. ఏదైనా హాయిగా ఉండేది. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. రైతుగారు సీలింగు ఫ్యాను చూస్తున్నారు. బావగారు తాళం వేయడం మానలేదు. వాల్వుల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుని, గొంతు సవరించుకుని, నా పరువు కాపాడడానికి ఒక మాట కూడా అన్నారు.

"వేడెక్కి ఉంటాయి కదండీ. ఆరినా కాసేపు వస్తుందేమో."

కాసేపు! ఆ పాట ఇంకా పదకొండు నిమిషాలుంది. నా జీవితంలో అంత పొడుగు పాట మళ్లీ వినలేదు. ఆయన నోరు తెరిచి ఒక్క మాట అడిగితే ఏదో అబద్ధం అల్లేవాణ్ణి, ముప్పై ఏళ్లుగా అదే పని. అడక్కపోతే ఏం చెప్పను? ఎనిమిది నెలలు పాటని మింగేసిన మర్యాద ఇప్పుడు నా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నేను ఊరుకుంటే ఆయన ఊరుకుంటారు. ఇంటికెళ్లి ఆ గాజుబుడ్లే ఆర్డరిస్తారు. నా గది నిలుస్తుంది. ఆయన హాల్లో ఇంకొకరెవరో పెరుగు తోడుపెట్టుకుంటారు, నేను ఫోన్ చేసినప్పుడల్లా "బ్రహ్మాండంగా ఉందండి" అంటారు.

లేచి వెళ్లి షోకేసు తలుపులు తెరిచాను.

"పాట దీన్లోంచి వస్తోందండి," అన్నాను. "పైనది అలంకారం. ఈ స్పీకర్లకి అది చాలదు. చాలదని పుస్తకంలో రాసే ఉంది. నేను చదివి కూడా, నా గొప్ప కోసం కుదిర్చాను. ఇవాళ దాచింది కూడా నేనే. బావగారూ, మీరు అదే కొంటే మోసపోయినట్టే."

రైతుగారు "అయ్యో, అంత మాటెందుకండీ" అని లేచారు. ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి వెళ్లి, వంటింటి వెనక వరండాలో బోర్డు మీద మెయిన్ స్విచ్చు పైకెత్తారు. ఏసీ మళ్లీ మొదలైంది, వాల్వులు మళ్లీ ఎర్రబడ్డాయి. కరెంటు పోలేదు. దించింది ఆవిడే. ప్లగ్గు చూపించింది అందుకే. తిరిగొచ్చి, అన్నగారి పక్కన కూర్చుని, నాతో శాంతంగా, "మీరు చెబుతారో లేదోనని కొంచెం భయపడ్డానండి" అన్నారు.

బావగారు ఏమన్నారంటారా? "సరే, భోజనానికి లేద్దాం" అన్నారు. అంతే. ఆ భోజనం ఎలా తిన్నానో నాకే తెలియాలి. మారు వడ్డించారు, వద్దనే హక్కు నాకు లేదు. వచ్చేటప్పుడు బావగారు చేతులు జోడించి, "ఆలోచించుకుని చెబుతామండి" అన్నారు. మనవైపు ఆ మాటకి అర్థం మీకు తెలుసు.

ఓనరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అరవలేదు. లెక్కలు చూసుకుంటున్నవాడల్లా తలెత్తి, "దాచినవాళ్లు దాచినట్టు ఉండొచ్చు కదండీ" అన్నారు. మర్నాడే ఫ్రిజ్జులు పైకెక్కాయి. అట్టపెట్టెలు కొన్ని, విప్పినవి కొన్ని. కొబ్బరిపీచు గోడలు వాటి వెనక్కిపోయాయి. సోఫా మాత్రం బరువని దించలేదు. నేను కిందికొచ్చి మిక్సీల దగ్గర నిలబడ్డాను. చట్నీ జారు చిన్నదా పెద్దదా అని అడిగేవాళ్లకి జవాబు చెప్పుకుంటూ రోజులు గడిపాను. బాధేసింది. చేసుకున్నదానికి బాధపడే హక్కు లేదని ఇంకొంచెం బాధేసింది.

మూడు వారాల తర్వాత, మిట్టమధ్యాహ్నం, మిక్సీల మధ్య నా ఎదురుగా బావగారు, ఆయన చెల్లెలు. ఈసారి రైతుగారు రాలేదు. "ఆయనకి అన్నీ బాగుంటాయండి, అందుకని ఇంట్లో ఉంచొచ్చాను" అన్నారు ఆవిడ.

"మా చెల్లి వినిపెడుతుంది, మీరు వినిపించండి," అన్నారు బావగారు. "అబద్ధం ఆడానని ఒప్పుకున్న షాపు మీదొక్కటే కనపడింది."

వాళ్లని మెట్లవైపు నడిపించాను. మెట్ల దగ్గర ఆగి ఆవిడతో, "ఒక్క మనవి అండీ. చెప్పులతోపాటు మర్యాద కూడా ఇక్కడే వదిలేసి రండి" అన్నాను. ఆవిడ నవ్వారు. చెప్పులు వరసగా పెట్టారు.

పైన అట్టపెట్టెలు అటూ ఇటూ జరిపి సోఫాకి దారి చేశాను. అవే స్పీకర్లు, అదే నాదస్వరం. మొదటి ఆంప్లిఫయర్ కలిపాను. ఆవిడ రెండు నిమిషాలు విని, నేలచూపులు చూస్తూ, "బాగోలేదండి" అన్నారు. అన్నాక తనే ఉలిక్కిపడి అన్నగారి వైపు చూశారు. నాకు మాత్రం ఎవరో వీపు తట్టినట్టుంది. "ఎందుకు బాగోలేదండీ?" అన్నాను ఆశగా.

"సన్నాయి ముందుకి తోసుకొస్తోందండి. డోలు వెనకెక్కడో ఉండిపోయింది."

రెండోది కలిపాను. ఈసారి తల ఎత్తే అన్నారు. "అన్నీ వినపడుతున్నాయండి. పాటే వినపడట్లేదు." ఓనరుగారు మెట్ల మీద సగం పైకొచ్చి, ఆ మాటలు విని, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. ఆయన షాపులో వరసగా రెండుసార్లు బాగోలేదనిపించుకోవడం అదే మొదటిసారి.

మూడోది ఆ నల్ల డబ్బా. మొదటి రోజే కుదర్చాల్సింది, అందం లేదని నేను పక్కన పెట్టింది. నేనూ బావగారూ పట్టుకుని ఎత్తి కలిపాం. పాట మొదలైంది. డోలు దెబ్బ దిగినప్పుడు ఆవిడ చేయి ఒళ్లోంచి లేచి, సోఫా చేతి మీద పడింది. పాట అయిపోయింది. బావగారు ఆవిడ మొహం చూస్తున్నారు, నేను ఆవిడ మొహం చూస్తున్నాను, మెట్ల మీంచి ఓనరుగారు కూడా.

"ఇంకోసారి పెట్టండి," అన్నారు.

పెట్టాను. ఈసారి సగంలో చేయెత్తి ఆపించారు. వెనక్కి తిరిగి, విప్పి పెట్టిన ఫ్రిజ్జుల వరసని ఒక్కొక్కటిగా చూస్తూ చెవి పెట్టారు. లేచి వెళ్లి, మూడో ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించారు.

"ఇదండి, డోలు పడినప్పుడల్లా గిలగిలలాడుతోంది." అని, ఓనరుగారి వైపు తిరిగారు. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, అయినా ఏ తడబాటూ లేదు. "పాట బాగుందండి. ఫ్రిజ్జులే బాగోలేదు. తీయించేయండి."

ఓనరుగారు నోరు తెరిచారు. బావగారు పంచె సర్దుకుని, "మా ఇంటికి ఇదే పంపించండి. మా చెల్లెలికీ ఒకటి. ఆ గాజువాటికి తగ్గ చిన్న స్పీకర్లు కూడా చూడండి, వంటింట్లోకి" అన్నారు.

ఓనరుగారు నోరు మూసుకుని, పై మెట్టెక్కి, చొక్కా చేతులు మడిచి, ఆ మూడో ఫ్రిజ్‌కి ఒక పక్క పట్టుకున్నారు. రెండో పక్క నేను పట్టుకున్నాను.